మదనపల్లె నుంచి కుప్పం దాకా... ఒకటే సీరియల్

మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఎవరినైనా 'ఈరోజు రేటెంత?' అని అడగండి. ఒక్క ముక్కలో చెప్పి తమ పనిలో పడిపోతారు. అదే 'రాత్రి సీరియల్ చూశారా?' అని అడిగి చూడండి. అరగంట దాకా మిమ్మల్ని కదలనివ్వరు.

నేను అడిగాను. కదల్లేకపోయాను.

నిజానికి సీరియళ్లంటే పడని మనిషిని నేను. హైదరాబాదులో మా ఇంట్లో సాయంత్రం ఆరు దాటి, అత్తగారు టీవీ ముందు కుర్చీ వేసుకున్నారంటే చాలు, నేను ఫోనో పుస్తకమో పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటాను. 'ఏముందత్తయ్యా ఆ ఏడుపుల్లో?' అని ఒకటి రెండుసార్లు పైకే అన్నాను కూడా. ఆవిడ మారు మాట్లాడలేదు. సౌండు మాత్రం కొంచెం తగ్గించారు. అప్పటినుంచీ రోజూ అంత తక్కువ సౌండులోనే చూస్తారు.

కుప్పంలో మా పెద్దమ్మ మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే బయల్దేరాను. పుట్టి పెరిగిన మదనపల్లెలో ఒక రోజు, అవ్వగారి ఊరు పుంగనూరులో ఒక పూట, ఆ తర్వాత కుప్పం. దారిలో కనిపించిన వాళ్లందరినీ 'మీరు చూసే సీరియల్ ఎట్లుంది?' అని అడుగుతూ పోదామనుకున్నాను. నవ్వులాటకు మొదలుపెట్టిన పని. కుప్పం చేరేసరికి అది నవ్వులాటగా మిగల్లేదు.

అంట్లు ఎవరు తోముతారు?

మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోనే పేరున్నది. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర 150 రూపాయలు దాటినప్పుడు ఢిల్లీ చానళ్లు కూడా ఈ ఊరి పేరు పలికాయి. ధర పడిపోయిన రోజుల్లో రైతు ఇదే కాయను రోడ్డు పక్కన పారబోసి వెళ్లిపోతాడు. ధర ఎక్కినా దిగినా కాయలు ఏరి వేరుచేసే ఆడవాళ్ల చేతులు మాత్రం ఆగవు. పచ్చివి ఒకవైపు, పండినవి ఒకవైపు, దెబ్బతిన్నవి ఇంకోవైపు. ఆ చేతుల వేగంలోనే మాటలు కూడా.

"సీరియల్లో ఇల్లు చూడు, మా ఊరి కల్యాణమండపం మాదిరి ఉంటాది. పదిమంది తింటారు. అంట్లు మాత్రం ఒక్క దినం కూడా చూపించరు. ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో నాకు తెలియాల" అందొకావిడ.

"పట్టుచీర కట్టుకుని పండుకుంటారు గదా, ఆ చీర ఎవరు ఉతుకుతారో అది కూడా అడగు" అంది పక్కనున్న ఆమె. అందరూ నవ్వారు.

మరి ఎందుకు చూస్తున్నారని అడిగితే, అందరి నోటా ఒకే పేరు వచ్చింది: వంటలక్క. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీకదీపం'లోని దీప. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దానికి మూలం. రెండు భాషల్లోనూ ప్రేమీ విశ్వనాథ్ ఆ పాత్ర వేసింది. డాక్టరైన భర్త అనుమానించి దూరం పెడితే, వంటలు చేసి బిడ్డను పెంచుకున్న ఆడమనిషి కథ. "అందరూ మేడమెట్లు దిగతా ఎక్కతా ఉంటారు. ఆయమ్మ ఒక్కతే పని చేసుకుని బతికింది. అందుకే ఆయమ్మ మా మనిషి" అన్నారు.

ఆ సీరియల్ నడిచినన్నాళ్లూ తెలుగునాట అందరూ వేసిన జోకు మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోయేదానికి ఇన్నేళ్లు సాగదీయాలా అని. నేనూ అదే అన్నాను. కాయలు ఏరుతున్న ఒక పెద్దామె చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"పరీక్ష ఎందుకు చేయించుకోవాలమ్మా ఆమె? తప్పు చేసినోళ్లు గదా రుజువు చూపించాల్సింది. నమ్మాల్సింది ఆయన. అన్నేండ్లు చూసింది దానికోసమే, ఎప్పుడు నమ్ముతాడా అని."

మళ్లీ కాయల్లో చెయ్యి పెట్టింది. ఆ జోకుకు ఇలాంటి జవాబు ఉంటుందని నాకు ఎన్నడూ తట్టలేదు.

చూసేది తక్కువ, వినేది ఎక్కువ

మదనపల్లెలోనే నీరుగట్టువారిపల్లె ఉంది. పట్టుచీరలు నేసే పేట. చిన్నప్పుడు ఆ వీధుల్లో నడిస్తే ఇంటింటా మగ్గం చప్పుడు తప్ప వేరే మాట వినిపించేది కాదు. ఇప్పుడు మగ్గాల సంఖ్య తగ్గింది. ఉన్న ఇళ్లలో మగ్గం చప్పుడుతోపాటు సాయంత్రాల్లో టీవీ మాట కూడా వినిపిస్తుంది.

ఒక ఇంట్లో ఆయన మగ్గం గుంతలో కూర్చుని నాడె విసురుతున్నాడు. ఆమె రాట్నం మీద కండెలు చుడుతోంది. టీవీ ఇద్దరికీ పక్కగా ఉంది గానీ ఎవరి కళ్లూ అటు లేవు. అంచు దగ్గర ఒక పోగు తప్పితే చీర చెడిపోతుంది మరి.

"మేము చూసేది తక్కువమ్మా, వినేదే ఎక్కువ" అన్నాడాయన. "ఉరుము మాదిరి శబ్దం వస్తే తల ఎత్తుతాం. అప్పుడు ఏదో జరిగినట్టు లెక్క. ఒక్కొక్కరి మొహం మూడుసార్లు చూపిస్తారు గదా, మేము తల ఎత్తేలోపల అయిపోకుండా ఉండాలనే చూపిస్తా ఉంటారనుకుంటా!"

నేను వెక్కిరించే సాగదీతకు ఇంత పనికొచ్చే అర్థం ఉందన్నమాట. ఒకే సంగతిని ముగ్గురు మనుషులు మూడు రోజులు మాట్లాడుకోవడం నాలాంటి తీరికున్న వాళ్లకు విసుగు. మగ్గం మీదా, పొయ్యి దగ్గరా, పిల్లల హోంవర్కు ముందరా చేతులు ఖాళీ లేనివాళ్లకు అది వీలు. ఒక పూట కరెంటు పోయినా కథ ఎక్కడికీ పోదు. మర్నాడు అక్కడే కూర్చుని ఉంటుంది.

ఆ సాయంత్రం బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ముందునుంచి నడుస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. బెంగాలీలో తాను రాసిన జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది కూడా ఇక్కడే. వందేళ్లు దాటాక ఇప్పుడు కూడా మదనపల్లెకు బెంగాల్ నుంచి కథలు వస్తూనే ఉన్నాయి. 2020లో మొదలైన 'ఇంటింటి గృహలక్ష్మి'కి మూలం బెంగాలీ 'శ్రీమొయీ'. 2023 జనవరిలో వచ్చిన 'బ్రహ్మముడి'కి మూలం 'గాట్‌ఛొరా'. ఆ రోజు వచ్చింది మహాకవి, ఈ రోజు వస్తున్నవి అత్తాకోడళ్ల కథలు. పోల్చకూడదు, నిజమే. కానీ బెంగాల్ ఇంటి గుట్టు విని నీరుగట్టువారిపల్లెలో ఒకామె 'అచ్చం మా వదిన మాదిరే' అనడం కూడా చిన్న విషయమేమీ కాదు.

అవ్వ చెప్పిన తీర్పు

మదనపల్లె నుంచి పుంగనూరు బస్సు ఎక్కితే ముచ్చట పూర్తయ్యేలోపే దిగాల్సి వస్తుంది. పుంగనూరు అనగానే అందరూ ఆవు గురించి అడుగుతారు. మూడడుగుల ఎత్తు దాటని ఆ పొట్టి ఆవులు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెల్లో మామూలు సంగతి. నాకు మాత్రం పుంగనూరు అంటే అవ్వగారి ఇల్లు, ఆ ఇంటి పక్కనున్న నలుపు తెలుపు టీవీ.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. 1988 జూలై దాకా ఆదివారం పొద్దున్నే వచ్చేది. సెలవుల్లో అవ్వగారింటికి వెళ్తే పక్కింటి వాకిట్లో చాపలు పరిచి ఉండేవి. టీవీకి బొట్టుపెట్టి, కర్పూరం వెలిగించాకే ఆన్ చేసేవాళ్లు. అంతా హిందీ. అవ్వకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కథ ఆమెకు మాకన్నా ముందే తెలుసు కదా, పక్కన కూర్చున్న పిల్లలందరికీ ఆమే చెప్పేది.

కైకేయి వరాలు అడిగిన రోజు వాకిలంతా శాపనార్థాలు. అవ్వ మాత్రం 'ఆమెను ఒక్కదాన్నే ఎందుకు తిడతారు? అడిగింది ఆమె. ఇస్తానని మాటిచ్చింది ఎవురు?' అంది. వాకిలి ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. అవ్వకు రెండో సంబంధంగా పెళ్లైందనీ, సవతి పిల్లల్ని పెంచిందనీ, ఊరంతా ఆమెను ఒక మాట అని ఉంటుందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఆ రోజు ఆమె దశరథుడి మీద చెప్పిన తీర్పు అయోధ్య గురించి మాత్రమే కాదు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు. ఆ చోట రెండంతస్తుల ఇల్లు లేచింది. అందులో అత్తాకోడళ్లిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తున్నారు. ఎట్లుందని అడిగాను.

"ఆ అత్త చూడు, నోరు లేని మనిషి. కోడలు ఎట్లా ఆడిస్తా ఉండాదో" అంది అత్త.

ఆమె నీళ్లు తేవడానికి లేవగానే కోడలు గొంతు తగ్గించింది. "కోడలు పాపం అక్కా. ఆ అత్త నోట్లో నోరు పెట్టగలమా?"

ఇద్దరూ చూసేది ఒకే సీరియల్. కానీ చెరో కథ.

బస్టాండు పక్క టీకొట్టులో మగవాళ్లను అడిగితే ముందు అందరూ ఒకే మాట అన్నారు: 'మేం చూడమమ్మా, ఆడోళ్లు పెడతారు, చెవిన పడతాది.' ఆ తర్వాత మంజులా నాయుడు తీసిన 'చక్రవాకం' నుంచి, 2008లో జెమినీలో మొదలై 2013 దాకా నడిచిన 'మొగలిరేకులు' వరకూ వరుసగా కథ చెప్పుకుంటూ వచ్చారు. ఆర్కే నాయుడు పోలీసు డ్రెస్సులో నడిచే తీరును ఒకాయన లేచి నటించి చూపించాడు కూడా. చెవిన పడింది ఇంత వివరంగా ఉంటుందా అని నవ్వుకున్నాను.

టీ గ్లాసులు కడిగే కుర్రాడు మాత్రం ఒక మాట అన్నాడు. "సీరియల్లో మన చిత్తూరు మాట మాట్లాడేది ఎవురక్కా? పనిమనిషన్నా అయ్యుండాల, రౌడీ అన్నా అయ్యుండాల. మంచోళ్లంతా పుస్తకం మాదిరి మాట్లాడతారు." దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకూ తట్టలేదు. హైదరాబాదు వెళ్లాక నేను మార్చుకున్న నా మాట తీరు మాత్రం గుర్తొచ్చింది.

ఒక వీధి, మూడు భాషలు

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడినుంచి వి.కోట మీదుగా కుప్పం. దారి పొడవునా కొండలూ, మల్బరీ తోటలూ. కౌండిన్య అభయారణ్యం ఈ పక్కనే. ఏనుగులు పొలాల్లోకి దిగుతాయని చీకటి పడేలోపే ఇళ్లు చేరుకునే పల్లెలు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. బయటికి వెళ్లే వీల్లేని ఆ చీకటి వేళల్లో ఇంట్లో టీవీ విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కుప్పం ఆంధ్రప్రదేశ్ కొసన ఉన్న ఊరు. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. జోలార్‌పేట, బెంగళూరు రైలు దారిలో ఉంది కాబట్టి కూలికీ కొలువుకూ బెంగళూరు వెళ్లొచ్చేవాళ్లు ఎందరో. తెలుగులో మొదలైన వాక్యం తమిళంలో నడిచి కన్నడంలో ముగిసినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. దక్షిణాది భాషల్ని ఒకచోట చేర్చి చదవడానికి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది ఈ ఊళ్లోనే. మా పెద్దమ్మ ఆ గేటు దాటి లోపలికి ఎన్నడూ పోలేదు. ఆమె చదువంతా రిమోటుతోనే.

పెద్దమ్మ కొడుకు హోసూరులో ఉద్యోగం చేస్తాడు. 2017లో కృష్ణగిరి వైపు అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. తమిళం మాట్లాడే ఇల్లు, కులం కూడా వేరు. పెద్దమ్మ పెళ్లికి వెళ్లలేదు. ఆర్నెల్లకు కొడుకు భార్యను కుప్పంలో తల్లి దగ్గర పెట్టి, తాను వారానికి రెండుసార్లు వచ్చిపోయేవాడు. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. పెద్దమ్మకు తమిళం బాగానే వచ్చు. కోడలికి కూడా తెలుగు అర్థమవుతుంది. అయినా మాటల్లేవు. అన్నం వడ్డించడం, గిన్నె జరపడం, తలుపు వేయడం... అన్నీ చప్పుళ్లతోనే.

టీవీ ఒకటే. పెద్దమ్మ జీ తెలుగులో 'ముద్దమందారం' చూసేది. అది 2014లో మొదలైన సీరియల్. అయిపోగానే లేచి గదిలోకి పోయేది. అప్పుడు కోడలు వచ్చి కూర్చుని జీ తమిళ్‌లో 'సెంబరుత్తి' పెట్టుకునేది. రెండు పేర్లకూ అర్థం మందారమే. అది మన ముద్దమందారాన్ని తమిళంలో మళ్లీ తీసిందే. 2017 చివర్లో మొదలైంది కాబట్టి కథలో మూడేళ్లు వెనక ఉండేది. 2018 చివర్లో కన్నడంలో 'పారు' అని అదే కథ వచ్చింది. ఎదురింటి కన్నడావిడ అది చూసేది. ఒక్క వీధిలో ఒక్క కథ మూడు భాషల్లో నడిచింది. మూడింట్లోనూ పేదింటి అమ్మాయి పార్వతే. ఆమెను కోడలిగా ఒప్పుకోని జమీందారు ఠీవి గల అత్తగారు మూడింట్లోనూ అఖిలాండేశ్వరే.

గదిలో పడుకున్న పెద్దమ్మకు తమిళంలో ఆ మాటలు వినబడేవి. తాను మూడేళ్ల కిందట చూసి, పార్వతి కోసం కళ్లు తుడుచుకున్న మాటలే అవి. 'అప్పుడు నేను తిట్టుకుంది ఆ అత్తను' అంది పెద్దమ్మ నాతో. 'మళ్లీ వినేటప్పటికి నాకు చెమటలు పట్టినాయి.'

ఒక రాత్రి సీరియల్ అఖిలాండేశ్వరి మొహం మీద ఆగిపోయింది. పెద్దమ్మ నీళ్లకని బయటికి వచ్చింది. కోడలు తల తిప్పకుండానే వచ్చీరాని తెలుగులో అడిగిందట.

"అత్తా... ఆయమ్మ ఒప్పుకుంటాదా?"

ఇల్లు చేరి అన్ని నెలలకు ఆ పిల్ల నోట 'అత్తా' అన్న మాట వినడం అదే మొదలు. పెద్దమ్మ చెంబు పట్టుకుని కాసేపు అట్లే నిలబడిపోయింది.

"దానికింకా శానా దినాలు పడతాదిలే" అంది చివరికి. "మనకెందుకుమే అన్నాళ్లు? రా, అన్నం తిందాం."

చెవులు కుట్టించిన రోజు మధ్యాహ్నం, బంధువులంతా భోంచేసి వెళ్లాక, పెద్దమ్మ ఇదంతా చెబుతుంటే కోడలు పక్కనే కూర్చుని పాపకు జడ వేస్తోంది. ఇప్పుడామె తెలుగు అచ్చం కుప్పం తెలుగు. జడ అల్లడం ఆపకుండానే నవ్వింది.

"ఆ కథ నాకూ ముందే తెలుసక్కా. మా అత్త చూసేటప్పుడు వంటింట్లోనుంచి దినమూ వింటానే ఉంటిని గదా. ఆయమ్మను అడగడానికి ఇంకేమీ దొరకలేదు, అంతే."

నేను పెద్దమ్మ వైపు చూశాను.

"నాకు తెలీదనుకుంటివా? వంటింట్లో చప్పుడు ఆగిపోతా ఉణ్ణింది గదా" అంది పెద్దమ్మ.

కైకేయి కథ అవ్వకు తెలుసు. అఖిలాండేశ్వరి కథ వీళ్లిద్దరికీ తెలుసు. ఇక ముందు ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ కోసమే జనం సీరియళ్లు చూస్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. మన ఇళ్లలో కొన్ని మాటలు ఎదురెదురుగా అడగలేం. 'నన్ను నమ్ముతావా', 'నన్ను ఒప్పుకుంటావా', 'తప్పు నా ఒక్కదానిదేనా' లాంటివి. వాటిని దీప మీదుగానో, పార్వతి మీదుగానో, కైకేయి మీదుగానో అడుగుతున్నారు. సీరియల్ బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. కథ సాగదీశారు, విషం పెట్టే ఆడవాళ్లు ఎక్కువయ్యారు, పిల్లలతో కలిసి చూడలేకపోతున్నాం అన్న ఫిర్యాదులన్నీ న్యాయమైనవే. దారిపొడవునా అవి నాకంటే ఘాటుగా చెప్పింది రోజూ చూసేవాళ్లే. కాకపోతే వాళ్లు తిట్టుకుంటూ పక్కపక్కన కూర్చుంటున్నారు. నేను తలుపు వేసుకుంటున్నాను.

సాయంత్రం కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం కూర్చున్నాను. పని ముగించుకుని వచ్చినవాళ్లు రైళ్లు దిగి గబగబా ఇళ్లకు పోతున్నారు. ప్లాట్‌ఫారం మీద ఒకామె ఫోన్‌లో కూతురితో 'నువ్వు చూస్తా ఉండు, నేనొచ్చినాక చెప్పు' అంటోంది. టైము చూశాను. ఏడు కావొస్తోంది. హైదరాబాదులో మా అత్తగారు కుర్చీ వేసుకుని ఉంటారు.

ఫోన్ చేశాను. వెనకనుంచి టీవీ మాట సన్నగా వినిపిస్తోంది, ఎప్పటిలాగే తక్కువ సౌండులో.

"అత్తయ్యా, ఈరోజు ఏం జరిగిందో చూసి పెట్టండి. రేపు వచ్చాక చెబుదురు గాని."

అటునుంచి కాసేపు మాట రాలేదు.

"నీకెందుకమ్మా ఆ ఏడుపులు?" అన్నారు. గొంతులో నవ్వు ఉందో లేదో ఫోన్లో తెలియలేదు.

"మొదటినుంచీ చెప్పాలి మీరు. నాకు ఎవరెవరో కూడా తెలీదు" అన్నాను.

"చాలా ఉంది మరి" అన్నారావిడ. "సరే, నువ్వు జాగ్రత్తగా రా."

ఫోన్ పెట్టేసే ముందు టీవీ సౌండు పెరగడం వినిపించింది.